రష్యాలో ఎంబీబీఎస్ చదువుతూ దూరప్రయాణం రైళ్లు ఎక్కేవాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది వరంగల్. ఆరేళ్లు రష్యాలోని ఓరెన్‌బర్గ్‌లో మెడిసిన్ చదివాను. ఆ ఊరి నుంచి మాస్కో సుమారు 1,500 కిలోమీటర్లు, రైల్లో దాదాపు ఒక పూర్తి రోజు. పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి ఎంబసీకనీ, సెలవులకనీ, స్నేహితుల దగ్గరికనీ ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఏటా సెప్టెంబరులో కొత్త జూనియర్లు వస్తారు, అవే ప్రశ్నలు అడుగుతారు. నాకు తెలిసినంతవరకు వాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఫ్లైట్ ఉండగా రైల్లో ఎందుకు వెళ్లాలి?

అర్జెంటు పనైతే ఫ్లైట్‌లోనే వెళ్లండి. సెలవుల్లో వెళ్తుంటే మాత్రం రైలే మంచిదంటాను. ఖర్చు తక్కువ, సామాను ఎక్కువ తీసుకెళ్లొచ్చు, మంచు పడుతున్నా ప్రయాణం ఆగదు. ఇవన్నీ ఒక ఎత్తు. నా వరకు అసలు కారణం భాష. క్లాసులో రెండేళ్లలో రాని రష్యన్ నాకు రైల్లో వచ్చింది. దాని గురించి కింద వివరంగా రాశాను.

ప్లత్స్‌కార్త్, కుపే, ఎస్వీ అంటే ఏమిటి? స్టూడెంట్ ఏది తీసుకోవాలి?

ప్లత్స్‌కార్త్ అంటే మన స్లీపర్ క్లాసు లాంటిదే. తలుపులు ఉండవు, బోగీ అంతా ఒకటే హాలు. ఒక్కో బోగీలో 54 బెర్తులు. మన స్లీపర్‌లో 72 లేదా 80 ఉంటాయి కదా, ఆ తేడా మిడిల్ బెర్తులది. ఇక్కడ మిడిల్ బెర్తు లేదు. సైడ్ లోయర్, సైడ్ అప్పర్ మాత్రం అచ్చం మనలాగే ఉంటాయి.

కుపే అనగానే మనవాళ్లు ఫస్ట్ క్లాసులో ఇద్దరు పడుకునే కూపే అనుకుంటారు. ఇక్కడి కుపేలో నాలుగు బెర్తులు, ఒక తలుపు. బోగీకి 36 మంది. ఎస్వీలో గదికి ఇద్దరే, రేటు స్టూడెంట్లకు అందేది కాదు.

నా మాట వింటే మొదటి ప్రయాణం ప్లత్స్‌కార్త్‌లో చేయండి. కుపేలో తలుపు వేసుకున్నాక ఆ ముగ్గురు ఎవరో, ఎలాంటివాళ్లో మన అదృష్టం. ప్లత్స్‌కార్త్‌లో చుట్టూ కుటుంబాలు, పిల్లలు, ముసలివాళ్లు ఉంటారు. అంతమంది కళ్ల ముందు ఎవరూ పిచ్చిగా ప్రవర్తించరు.

బెర్తు నంబర్లు ఎలా చూసుకోవాలి?

బేసి సంఖ్య కింది బెర్తు, సరి సంఖ్య పై బెర్తు. ప్లత్స్‌కార్త్‌లో 1 నుంచి 36 వరకు మెయిన్, 37 నుంచి 54 వరకు సైడ్. 33 నుంచి 38 వరకు టాయిలెట్ పక్కనే ఉంటాయి, రాత్రంతా తలుపు చప్పుడే. అవి చౌకగా కనిపిస్తాయి కానీ పరీక్షలు రాసి అలసిపోయి ఇంటికి వెళ్లే రోజున వద్దు. పై బెర్తు కింది బెర్తుకన్నా చౌక. పొడవైనవాళ్లు సైడ్ బెర్తులు తీసుకోకండి, కాళ్లు చాచడానికి చాలవు.

వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ ఉంటాయా?

ఉండవు. బెర్తు ఉంటే టికెట్ వస్తుంది, లేకపోతే రాదు. కాబట్టి చార్ట్ కోసం ఎదురుచూసే టెన్షన్ లేదు. చాలా రైళ్లకు దాదాపు మూడు నెలల ముందే అమ్మకం మొదలవుతుంది. జనవరి 1 నుంచి 8 వరకు కొత్త సంవత్సరం సెలవులు, మే మొదటి వారంలో పండుగ సెలవులు. ఆ రోజుల్లో దేశమంతా కదులుతుంది, ముందే కొనుక్కోండి.

ప్రయాణం మానుకోవాల్సి వస్తే రైలు బయలుదేరడానికి 8 గంటలకన్నా ముందే రద్దు చేసుకోండి, కొద్దిపాటి రుసుము పోను మిగతాది వెనక్కి వస్తుంది. ఆ తర్వాత కోత పెరుగుతుంది. రీఫండ్ ఇవ్వని టికెట్లు కూడా అమ్ముతారు, కొనేటప్పుడే చూసుకోండి.

మన ఇండియా కార్డుతో టికెట్ కొనొచ్చా?

కుదరదు. 2022 మార్చి నుంచి రష్యా బయట ఇచ్చిన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు. వచ్చిన మొదటి నెలల్లోనే అక్కడి బ్యాంకులో ఖాతా తెరిచి మిర్ కార్డు (వీసా లాంటి రష్యా సొంత కార్డు) తీసుకోండి. అప్పటిదాకా స్టేషన్ కౌంటర్‌లో నగదు ఇచ్చి కొనుక్కోవచ్చు. పాస్‌పోర్ట్ తప్పనిసరి.

టికెట్ ఫారంలో పేరు ఎలా రాయాలి?

ఇది మనవాళ్లకు సులువు. రష్యన్ ఫారాల్లో ముందు ఇంటిపేరు, తర్వాత పేరు అడుగుతారు, మన ఊళ్లో రాసుకున్నట్టే. మూడో గడిలో తండ్రి పేరు నుంచి వచ్చే పేరు అడుగుతారు. మనకు అది ఉండదు కాబట్టి చిన్న గీత పెడితే చాలు. పాస్‌పోర్ట్‌లో ఏ అక్షరాలు ఎలా ఉన్నాయో అలాగే రాయండి. ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించొద్దు.

నంబరులో ఒక్క అంకె తప్పయినా ఇబ్బందే. నా మొదటి టికెట్ వేరేవాళ్లతో బుక్ చేయించుకున్నాను, పాస్‌పోర్ట్ నంబరులో ఒక అంకె తారుమారైంది. మైనస్ 20 డిగ్రీల చలిలో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆ సంగతి తెలుసుకున్నాను. పరుగెత్తి కౌంటర్‌కి వెళ్లి ఇంకో టికెట్ కొనుక్కున్నాను, అదృష్టం కొద్దీ బెర్తు దొరికింది. అప్పటి నుంచి టికెట్ చేతికి రాగానే పాస్‌పోర్ట్ పక్కన పెట్టి అంకె అంకె చదువుతాను. మీరూ అలా చేయండి.

రైలెక్కేటప్పుడు ఏం జరుగుతుంది?

స్టేషన్ తలుపు దగ్గరే బ్యాగులు స్కాన్ చేస్తారు, దానికి కొంత సమయం పెట్టుకోండి. బోర్డు మీద ప్లాట్‌ఫాం నంబరు వస్తుంది. బోగీల నంబర్లు రైలు తల నుంచి మొదలవుతాయా, తోక నుంచి మొదలవుతాయా అనేది మైకులో చెబుతారు. "గలవా" వినిపిస్తే తల, "హ్వోస్త్" వినిపిస్తే తోక. ఈ రెండు మాటలు తెలియక పెద్ద సూట్‌కేసులతో రైలు పొడవునా పరుగెత్తినవాళ్లను చాలామందిని చూశాను.

ప్రతి బోగీ తలుపు దగ్గర ప్రవద్నీత్సా నిలబడి ఉంటుంది. మన టీటీఈకి అటెండర్ పని కూడా అప్పగిస్తే ఎలా ఉంటుందో ఆమె అలా. అసలు పాస్‌పోర్ట్ చూపిస్తే తన చేతిలోని మెషీన్‌లో చూసుకుని లోపలికి పంపిస్తుంది. ఫోన్‌లో ఫొటో, జిరాక్సు చెల్లవు. ఎక్కగానే నవ్వుతూ "జ్ద్రాస్త్‌వుయ్‌తే" అనండి, నమస్కారం అని. రోజంతా మీ మంచిచెడ్డలు చూసేది ఆవిడే.

ఏయే కాగితాలు దగ్గర ఉంచుకోవాలి?

వీసా ఉన్న పాస్‌పోర్ట్, దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చే మైగ్రేషన్ కార్డు, ఉండే చిరునామా నమోదైన రిజిస్ట్రేషన్ చీటీ, స్టూడెంట్ కార్డు. అన్నీ ఒంటిమీదే ఉండాలి, సూట్‌కేసులో కాదు. ఊరు దాటే ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు ఎక్కడికి, ఎన్ని రోజులు వెళ్తున్నారో చెప్పండి. కొత్త ఊళ్లో రిజిస్ట్రేషన్ అవసరమవుతుందో లేదో వాళ్లే చెబుతారు.

రైలు దారిలో వేరే దేశం వస్తుందా?

రావచ్చు. ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, కానీ ఈ పేజీలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన జవాబు ఇదే. ఈ పట్టాలు వేసిన రోజుల్లో మధ్యలో దేశాల సరిహద్దులు లేవు. అందుకే రష్యాలోని ఒక ఊరి నుంచి రష్యాలోని ఇంకో ఊరికి వెళ్లే కొన్ని రైళ్లు మధ్యలో కజకిస్తాన్ గుండా వెళ్తాయి. ఉదాహరణకు చెల్యాబిన్స్క్ నుంచి ఓమ్స్క్ వైపు వెళ్లే దారిలో పెట్రోపావ్లోవ్స్క్ వస్తుంది, అది కజకిస్తాన్ ఊరు.

మొదటి ఏడాది మనకు మొదట ఇచ్చేది మూడు నెలల సింగిల్ ఎంట్రీ వీసా. దాన్ని పొడిగించాకే మల్టిపుల్ ఎంట్రీ వస్తుంది. సింగిల్ ఎంట్రీతో అలాంటి రైలెక్కితే రష్యా దాటినట్టే లెక్క, తిరిగి లోపలికి రావడానికి వీసా ఉండదు. కజకిస్తాన్‌లోకి మనవాళ్లకు 14 రోజుల వరకు వీసా అక్కర్లేదన్న మాట ఇక్కడ ఉపయోగపడదు, చిక్కు రష్యా వీసాతో. టికెట్ కొనేముందు రైలు ఆగే స్టేషన్ల జాబితా మొత్తం చదవండి. ఒక్క పేరు అనుమానంగా ఉన్నా మ్యాప్‌లో చూడండి.

టికెట్ మీద టైం మాస్కోదా, మన ఊరిదా?

2018 ఆగస్టు 1 నుంచి ఏ స్టేషన్ టైం ఆ ఊరి లెక్కనే ఉంటుంది. అంతకుముందు దేశమంతా మాస్కో టైమే రాసేవారు, పాత సీనియర్లు ఇప్పటికీ ఆ మాటే చెబుతారు, నమ్మకండి. ఓరెన్‌బర్గ్ మాస్కోకన్నా రెండు గంటలు ముందు. ఇండియా మాస్కోకన్నా రెండున్నర గంటలు ముందు. ఇంట్లోవాళ్లకు చేరే టైం మన ఇండియా లెక్కలోకి మార్చి చెప్పండి.

సామాను ఎంత తీసుకెళ్లొచ్చు?

ప్లత్స్‌కార్త్‌లో, కుపేలో 36 కిలోలు. కింది బెర్తు పైకి లేస్తుంది, దాని కింద పెట్టె లాంటి చోటు ఉంటుంది. విలువైనవి అందులో పెట్టి మీద పడుకుంటే ఎవరూ తీయలేరు. పై బెర్తువాళ్లకు నెత్తి మీద ఇంకో అర ఉంటుంది.

లోపల ఎలా ఉంటుంది? ఏం బట్టలు వేసుకోవాలి?

బయట మైనస్ 25 ఉన్నా లోపల ఉక్కపోస్తుంది. ఎక్కగానే రష్యన్లు చేసే మొదటి పని బట్టలు మార్చుకోవడం. కాటన్ టీషర్టు, పైజామా, చెప్పులు వేసుకుని ఇంట్లో ఉన్నట్టే తిరుగుతారు. ఆ చెప్పులను "తాపచ్కి" అంటారు, తప్పక తీసుకెళ్లండి. కుపేలో ఆడవాళ్లు బట్టలు మార్చుకునేటప్పుడు మగవాళ్లు చెప్పకుండానే వరండాలోకి వెళ్లిపోతారు. ఈ మర్యాద నాకు ఎంతో నచ్చింది, మన అబ్బాయిలు కూడా పాటించాలి.

పరుపు, దిండు బోగీలోనే ఉంటాయి. ఉతికిన దుప్పట్లు, దిండు గలీబు, తువ్వాలు కవర్లో పెట్టి ఇస్తారు. పగలు పై బెర్తువాళ్లు కింది బెర్తు మీద కూర్చోవచ్చు, కానీ అడిగి కూర్చోండి. కింద ఉన్నది ముసలావిడ అయితే ఆమె నడుం వాల్చే టైం చూసుకుని పైకి ఎక్కేయండి.

సిగరెట్ 2014 జూన్ నుంచి రైలంతటా నిషేధం. మందు రెస్టారెంట్ బోగీలో తప్ప తాగకూడదు.

తిండి సంగతేమిటి? శాకాహారులకు ఏం దొరుకుతుంది?

ప్రతి బోగీ చివర "తితాన్" అనే పెద్ద నీళ్ల బాయిలర్ ఉంటుంది. పగలూ రాత్రీ మరిగే నీళ్లు ఉచితం, వాటిని "కిప్యతోక్" అంటారు. రష్యా రైలు తిండి అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. వాళ్లు నూడుల్స్, పొడి చేసిన ఆలూ ముద్ద, టీ అన్నీ దానితోనే కానిస్తారు. మనం ఇంటి నుంచి తెచ్చుకున్న ఇన్‌స్టంట్ ఉప్మా, పోహా కూడా పది నిమిషాల్లో తయారు. గట్టి మూతున్న స్టీలు డబ్బా, స్పూను, పెద్ద కప్పు పెట్టుకోండి.

మొదటి పూటకి పులిహోర కలిపి తీసుకెళ్లేదాన్ని. చింతపండు పులుపు వల్ల ఒక రోజు హాయిగా నిలుస్తుంది. ఆవకాయ, చేపల పచ్చడి మూత తీస్తే ఆ వాసన బోగీ అంతా పాకుతుంది, తలుపుల్లేని చోట అది పక్కవాళ్లకు ఇబ్బంది. కారప్పొడి, పప్పుల పొడి నయం. శాకాహారులు రెస్టారెంట్ బోగీని నమ్ముకోకండి, సూపుల్లో మాంసం ఉండటం మామూలే. "బెజ్ మ్యాసా" అంటే మాంసం లేకుండా అని.

టీ మాత్రం ప్రవద్నీత్సా దగ్గర ఒక్కసారైనా కొనుక్కుని తాగండి. గాజు గ్లాసును లోహపు పిడి ఉన్న తొడుగులో పెట్టి ఇస్తుంది. దాన్ని "పద్‌స్తకాన్నిక్" అంటారు. వ్లదీమిర్ ప్రాంతంలోని కల్చూగినో అనే ఊళ్లో ఇవి తయారవుతాయి. రైలు ఊగుతుంటే గ్లాసులో స్పూను చేసే చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మధ్య స్టేషన్లలో దిగొచ్చా?

దిగొచ్చు. ప్రవద్నీత్సా గది పక్కన గోడకు టైంటేబుల్ అంటించి ఉంటుంది. అందులో "స్తయాంకా" అని రాసిన గడిలో ఎన్ని నిమిషాలు ఆగుతుందో ఉంటుంది. 20 నిమిషాలకు మించితేనే దిగండి. కోటు వేసుకుని, పాస్‌పోర్ట్, ఫోన్ జేబులో పెట్టుకుని దిగండి. రైలు లేటుగా వస్తే ఆగే సమయం తగ్గించేస్తారు, కాబట్టి "స్కోల్క స్తయీమ్?" అని ఆవిడనే అడిగి దిగండి. ఎంతసేపు ఆగుతామని దాని అర్థం.

టాయిలెట్, స్నానం?

కొత్త బోగీల్లో బయో టాయిలెట్లు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. పాత బోగీల్లో పెద్ద స్టేషన్లకు ముందూ తర్వాతా తాళం వేస్తారు, ఆ సమయాలు తలుపు మీదే రాసి ఉంటాయి. నీళ్లకు ఖాళీ సీసా ఒకటి పెట్టుకోండి. మనకు చెంబు లేకపోతే గడవదు కదా. మామూలు బోగీల్లో స్నానానికి వీలుండదు, తడి తువ్వాలుతో తుడుచుకోవడమే.

అమ్మాయి ఒంటరిగా వెళ్లొచ్చా?

నేను వెళ్లాను, చాలాసార్లు. కుపే కొంటే ఆడవాళ్లకు మాత్రమే అనే గదులు కొన్ని రైళ్లలో ఉంటాయి, బుకింగ్‌లో ఎంచుకోవచ్చు. ప్లత్స్‌కార్త్‌లో మామూలుగా అలాంటి వీలు ఉండదు, అక్కడ ప్రవద్నీత్సా గదికి దగ్గరగా ఉండే మొదటి బెర్తులు చూసుకోండి. ఎవరైనా తాగి విసిగిస్తే గొడవ పడకుండా నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్లండి. ఒకసారి రాత్రి ఒకాయన నా పక్కనుంచి లేవనంటే ఆవిడ రెండు మాటల్లో లేపి పంపేసింది, నాకు వేరే బెర్తు చూపించింది. అలాంటివాళ్లు మాట వినకపోతే ప్రవద్నీత్సా తర్వాతి స్టేషన్‌లో పోలీసులను పిలిపిస్తుంది.

అమ్మానాన్నలకు రైలు నంబరు, బోగీ, బెర్తు పంపండి. మధ్యలో గంటల తరబడి సిగ్నల్ ఉండదని ముందే చెప్పండి. చెప్పకుండా నేను చేసిన మొదటి ప్రయాణంలో మా అమ్మ రాత్రంతా నిద్రపోలేదు.

రష్యన్ సరిగా రాదు. పక్కవాళ్లు మాట్లాడిస్తే ఏం చేయాలి?

మాట్లాడండి. ఫోన్ పక్కన పెట్టి మాట్లాడండి.

మన చదువు ఇంగ్లిష్‌లోనే, కానీ మూడో ఏడాది నుంచి వార్డుకి వెళ్తే పేషెంట్లు మాట్లాడేది రష్యన్. విదేశాల్లో చదివే డాక్టర్లకు మన దేశం 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా చదివిన చోటే చేయాలి. అంటే పేషెంట్ ముందు నోరు మెదపలేనివాళ్లు ఏళ్ల తరబడి గోడ పక్కన నిలబడి చూడాల్సిందే. నేను రెండో ఏడాది చివరిదాకా అలాగే ఉన్నాను.

ఆ వేసవిలో మాస్కో వెళ్తుంటే బుజులూక్‌లో ఒక బామ్మ ఎక్కింది. నా ఎదురు బెర్తు. కూర్చోగానే దోసకాయలు, ఉడికించిన గుడ్లు బల్ల మీద పరిచి తినమంది. నేను మా ఇంటి నుంచి వచ్చిన సకినాలు పెట్టాను. రాయిలా ఉన్నాయంటూనే టీలో ముంచుకుని నాలుగు తింది. ఇండియా అనగానే రాజ్ కపూర్, మిథున్ చక్రవర్తి పేర్లు చెప్పింది, ఆ వయసువాళ్లందరూ చెబుతారు. డాక్టర్ చదువుతున్నానని తెలిశాక ఇక ఆగలేదు. కాళ్లు, మోకాళ్లు, గుండె, వేసుకునే మాత్రలు అన్నీ బయటికి వచ్చాయి.

పుస్తకంలో మాకు నేర్పింది "మీకు ఏమైనా ఫిర్యాదులున్నాయా" అనే వాక్యం. నేను అదే అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, ముసలివాళ్లను అలా అడగొద్దు, "ష్తో బలీత్?" అని అడుగు అంది. ఏం నొప్పి అని. తర్వాత "గలవా క్రూజిత్సా" అంది. నాకు అర్థం కాకపోతే వేలు గాల్లో గుండ్రంగా తిప్పి చూపించింది. తల తిరుగుతోంది! మాటకు మాట మన తెలుగే. బీపీ ఎక్కుతూ దిగుతూ ఉంటే "దవ్లేనియె స్కాచెత్" అంటారట, బీపీ గెంతుతోందని. మా పుస్తకాల్లో ఎక్కడా లేని మాటలివి, వార్డులో ప్రతి రెండో పేషెంటు అనే మాటలు కూడా ఇవే. సీజ్రాన్ దగ్గర వోల్గా మీద 1880 నాటి పొడవాటి వంతెన దాటుతుంటే కూడా ఆవిడ చెబుతూనే ఉంది, నేను నోట్‌బుక్‌లో రాసుకుంటూనే ఉన్నాను.

సెప్టెంబరులో వార్డులో ఒక పెద్దాయన మంచం దగ్గర "ష్తో బలీత్?" అన్నాను. ఆయన పది నిమిషాలు మాట్లాడాడు.

మొదలుపెట్టడం తెలియకపోతే తినేది ఏదైనా ముందుకు జరపండి. చేగోడీలు, జంతికలు, నువ్వుల ఉండలు ఏవైనా సరే. రాజకీయాలు, యుద్ధం గురించి మాత్రం మీరుగా ఎత్తకండి, వాళ్లు ఎత్తితే విని ఊరుకోండి.

ట్రాన్స్-సైబీరియన్ రైలు ఎక్కాలని ఉంది. స్టూడెంట్‌కి కుదురుతుందా?

మాస్కో నుంచి వ్లదివోస్తోక్ వరకు 9,288 కిలోమీటర్లు, ఆగకుండా వెళ్తే దాదాపు ఏడు రోజులు. మొత్తం ఒకేసారి వద్దు, ముక్కలుగా చేయండి. ఒక ముక్కే చేయగలిగితే ఇర్కూత్స్క్ దాటాక స్ల్యుద్యాంకా వైపు వెళ్లేది చేయండి, అదీ పగటి రైలు చూసుకుని. గంటల తరబడి కిటికీ పక్కనే బైకాల్ సరస్సు ఉంటుంది. 1,642 మీటర్ల లోతు, ప్రపంచంలో అంతకన్నా లోతైన సరస్సు లేదు.

దిగే ముందు ఏం చేయాలి?

మీ స్టేషన్‌కి అరగంట ముందు ప్రవద్నీత్సా వచ్చి లేపుతుంది, అర్ధరాత్రి అయినా సరే. దుప్పట్లు మడిచి ఆవిడకు అప్పగించండి, టీ గ్లాసు తిరిగి ఇవ్వండి. దిండు కింద, ఛార్జింగ్ దగ్గర ఇంకోసారి చూడండి. ఓరెన్‌బర్గ్ రైలు మాస్కోలో కజాన్‌స్కీ స్టేషన్‌కి చేరుతుంది. చౌరస్తాకి అవతల లెనిన్‌గ్రాద్‌స్కీ, యరస్లావ్‌స్కీ స్టేషన్లు పక్కపక్కనే ఉంటాయి, మూడింటికీ మెట్రో ఒకటే, కమ్సమోల్‌స్కయా. బయటికి రాగానే పిలిచే టాక్సీలు ఎక్కకండి, నేరుగా కిందికి మెట్రోలోకి వెళ్లిపోండి. ఇంటికి ఫోన్ అక్కడి నుంచే చేయొచ్చు, లోపల కూడా సిగ్నల్ ఉంటుంది.